బండి ఎక్కడ పెట్టాలమ్మా?

ప్రయాణం అనగానే ఎవరికైనా ముందుగా ఏం గుర్తొస్తుంది? టికెట్లు దొరుకుతాయా, పులిహోర కట్టుకుందామా, ఇంటి తాళాలు ఎవరికిచ్చి వెళ్దాం... ఇవేగా! నాలాంటి వాళ్లకు మాత్రం వీటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. 'అక్కడ బండి ఎక్కడ పెట్టాలి? పెట్టిన చోటి నుంచి ఎంత దూరం నడవాలి?' అని. దీనికి జవాబు దొరక్క మానుకున్న పెళ్లిళ్లు, పేరంటాలు, తీర్థయాత్రలు ఎన్నో! కాళ్లు బాగున్నవాళ్లకి ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ గడప దాటడమా, మానడమా అన్నది మాకు ఈ చిన్న విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది. కుడికాలికి కాలిపర్, చేతిలో కర్ర. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా సైడ్ వీల్స్ బండి నడుపుతున్నాను. ఆ బండి ఎక్కానంటే నేను ఎవరికీ తీసిపోను. దిగితేనే తంటా! వంద గజాలు నడిచేసరికి భుజం లాగేస్తుంది. రెండొందల గజాలైతే ఆ రోజు ఇంకే పనీ చేయలేను.

రెండు బళ్ల జాగా

మామూలు స్కూటరైతే ఏ సందులోనైనా దూర్చేయొచ్చు. పక్కబండిని కాస్త జరిపి, స్టాండు వేసి పోవచ్చు. నా బండికి అటూ ఇటూ చక్రాలుంటాయి కనుక రెండు బళ్ల జాగా కావాలి. వెనక్కి తోయాలంటే దిగాలి. దిగితే నేను తోయలేను. పైగా దిగేందుకు పక్కన నాలుగడుగుల చోటుండాలి. నేను పెట్టేటప్పుడు ఆ చోటున్నా, తిరిగి వచ్చేసరికి ఎవరో ఒకరు అందులో బండి ఇరికించి వెళ్లిపోతారు. వాళ్లొచ్చేదాకా కర్ర పట్టుకుని ఎండలో పడిగాపులు!

స్టాండువాళ్ల సంగతి సరేసరి. "రెండు బళ్ల డబ్బులివ్వాలమ్మా" అంటాడొకడు. "ఆ చివర పెట్టుకోండి మేడం, ఇక్కడ అడ్డం" అంటాడింకొకడు. చివరంటే గేటుకు ఎంత దూరమో నడిచే నాకు తెలుసు. ఓసారి ఒక పెద్ద ఆఫీసుకు పనిమీద వెళ్లాను. గుమ్మం పక్కనే నీలంరంగు బోర్డు, దాని మీద తెల్లగా చక్రాల కుర్చీ బొమ్మ. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే బోర్డు కింద ఆఫీసరుగారి కారు. వాచ్‌మన్‌ను అడిగితే, "మీలాంటోళ్లు ఎవరూ రారు కదమ్మా, ఖాళీగా ఎందుకని..." అన్నాడు. నేను వచ్చాను కదయ్యా! ఎవరూ ఎందుకు రారో ఆ కారును చూస్తేనే తెలియడంలేదూ?

నా చిన్నప్పుడు మమ్మల్ని ఏవేవో మాటలనేవారు. తర్వాత వికలాంగులం అయ్యాం. ఇప్పుడు దివ్యాంగులం, విభిన్న ప్రతిభావంతులం. పేర్లు మారాయి, సంతోషమే. బండి పెట్టుకునే చోటు మాత్రం ఎప్పటిలాగే ఆ చివరే!

పరాయి దేశంలో ఒక నీలం అట్ట

2023 వేసవిలో మా చెల్లెలు రమ్మని గోల చేస్తే ఇంగ్లండు వెళ్లాను. బర్మింగ్‌హామ్ దగ్గర వాళ్ల కాపురం. వెళ్లిన రెండోరోజే మా మరిది కారులో బజారుకు తీసుకెళ్లాడు. కారు ఆపిన చోటి నుంచి కొట్టు దాకా నడిచేసరికి నా పని అయిపోయింది. ఆ కొట్టు ముందే చక్రాల కుర్చీ బొమ్మ గీసిన జాగాలు నాలుగు ఖాళీగా ఉన్నాయి. "అక్కడ పెట్టొచ్చుగా" అన్నాను. "బ్లూ బ్యాడ్జి లేదు వదినగారూ" అన్నాడు. ఆ బ్యాడ్జి ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు అప్పుడే మొదలైంది.

చెల్లెలి పక్కింట్లో డెబ్బై ఎనిమిదేళ్ల ఇంగ్లిషు మామ్మగారు ఒంటరిగా ఉంటారు. మోకాళ్లు, తుంటి రెండూ అరిగిపోయాయి. ఆవిడ దగ్గర ఆ బ్యాడ్జి చూశాను. చేతిలో ఇమిడే చిన్న నీలం అట్ట. ముందువైపు చక్రాల కుర్చీ గుర్తు, నంబరు, ఎప్పటిదాకా చెల్లుతుందన్న తేదీ. వెనకవైపు ఆవిడ ఫొటో, పేరు. కారు ఆపాక డాష్‌బోర్డు మీద ముందువైపు పైకి కనిపించేలా పెట్టాలి. ఫొటో లోపలికి ఉంటుంది కనుక దారినపోయే వాళ్లెవరికీ కనిపించదు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే ఆ బ్యాడ్జి కారుది కాదు, మనిషిది! సొంత కారు ఉండక్కర్లేదు. కొడుకు కారెక్కినా, స్నేహితురాలి కారెక్కినా, టాక్సీ ఎక్కినా బ్యాడ్జి మనిషి వెంటే వస్తుంది. ఊళ్లోని కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకుంటే అర్హత చూసి ఇస్తారు. మామూలుగా 3 ఏళ్లు చెల్లుతుంది. ఇంగ్లండులో 10 పౌండ్ల దాకా, స్కాట్లండులో 20 పౌండ్ల దాకా రుసుము. వేల్స్‌లో ఉచితం.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఆల్ఫ్ మోరిస్ అనే పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి తెచ్చిన 1970 నాటి చట్టం దీనికి మూలం. 1971లో నారింజరంగు బ్యాడ్జిలుగా మొదలై, 2000 నుంచి నీలంరంగులోకి మారాయి. పైకి కనిపించని వైకల్యాలు ఉన్నవాళ్లకు కూడా ఇంగ్లండులో 2019 ఆగస్టు 30 నుంచి దీన్ని విస్తరించారు. అంటే ఆటిజం ఉన్న పిల్లాడి తల్లి, మనిషి పక్కన లేకపోతే బెదిరిపోయే మతిమరుపు జబ్బు పెద్దావిడ కూడా అర్హత ఉంటే పొందవచ్చు. కర్ర, కుర్చీ కనబడితేనే కష్టం ఉన్నట్టు కాదని ఒప్పుకోవడానికి వాళ్లకూ అంతకాలం పట్టింది మరి!

బ్యాడ్జి ఉంటే రోడ్డు పక్కన డబ్బు కట్టి ఆపుకునే చోట్ల మామూలుగా ఉచితం, కాలపరిమితి ఉండదు. ఎవరూ ఆపకూడదని పసుపు గీతలు గీసిన చోట కూడా ఇంగ్లండు, వేల్స్‌లలో 3 గంటల వరకు ఆపుకోవచ్చు. అయితే సరుకులు దించకూడదన్న గుర్తులు ఉన్నచోట కుదరదు. ఎప్పుడు వచ్చామో తెలియడానికి బ్యాడ్జితోపాటు అట్ట గడియారం ఒకటిస్తారు. ముల్లు తిప్పి వచ్చిన టైము చూపించి వెళ్లాలి. స్కాట్లండులో ఈ 3 గంటల హద్దు లేదు. లండన్ నడిబొడ్డున మాత్రం సిటీ ఆఫ్ లండన్, వెస్ట్‌మినిస్టర్, కెన్సింగ్టన్-చెల్సీ, కామ్డెన్‌లో కొంత భాగం... ఈ నాలుగు చోట్లా పద్ధతులు వేరు. సూపర్ మార్కెట్లు, ఆస్పత్రులు, ప్రైవేటు పార్కింగులు కూడా అంతే. అక్కడి బోర్డు చదువుకోవాల్సిందే. బ్యాడ్జి ఉందికదాని పెట్టేసి వెళితే జరిమానా చీటీ ఇంటికొస్తుంది.

'ఒక్కరోజుకి అడుగుదామా?'

నేను చుట్టపుచూపుగా వెళ్లినదాన్ని. ఆ దేశంలో నివాసం లేదు కనుక నాకు బ్యాడ్జి ఇవ్వరు. మన ప్రభుత్వం ఇచ్చిన కార్డు కారులో పెట్టినా అక్కడ చెల్లదు. వేల్స్‌లో లాండుడ్నో అనే సముద్రతీరపు ఊరు చూద్దామని అనుకున్నప్పుడు మా మరిది, "పక్కింటి మామ్మగారి బ్యాడ్జి ఒక్కరోజుకి అడుగుదాం. వదినగారికి నిజంగానే కాలు బాలేదుగా, మనం ఏమన్నా మోసం చేస్తున్నామా?" అన్నాడు.

మాటలో తప్పు కనబడలేదు. కానీ నా కళ్లముందు ఆ నీలం బోర్డు కింది ఆఫీసరుగారి కారు మెదిలింది. ఆయన కూడా ఏదో ఒక కారణం చెప్పుకునే ఉంటాడుగా! "వద్దయ్యా, దూరమైతే చక్రాల కుర్చీలో తోసుకెళ్లు" అన్నాను. పైగా అక్కడ ఒకరి బ్యాడ్జి ఇంకొకరు వాడటం నేరం. 1,000 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. బ్యాడ్జి గల మనిషి ఇంట్లో ఉండగా ఆవిడ కోసం మందులు తెస్తున్నామన్నా ఒప్పుకోరు. ఆ ప్రయాణంలో ఆవిడ ఉండాలి, అంతే.

ఈ మాట మా చెల్లెలు మామ్మగారి దగ్గర నవ్వుతూ చెప్పేసింది. ఆవిడ కాసేపు ఆలోచించి ఏమన్నారో తెలుసా? "బ్యాడ్జి ఇవ్వడం నా చేతుల్లో లేదు. నేను రావడం మాత్రం నా చేతుల్లోనే ఉంది. సముద్రం చూసి నాలుగేళ్లయింది!" అన్నారు. రెండురోజుల్లో మేం నలుగురం, ఆవిడ స్కూటరు కలిసి బయలుదేరాం.

స్కూటరంటే స్కూటరు కాదు

మన దగ్గర స్కూటరంటే పెట్రోలు బండి కదా. అక్కడ మొబిలిటీ స్కూటరంటే నడవలేనివాళ్లు కూర్చుని వెళ్లే బ్యాటరీ బండి. కుర్చీ, ముందు హ్యాండిలు, కింద మూడో నాలుగో చక్రాలు. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. గంటకు 4 మైళ్లు, అంటే సుమారు 6 కిలోమీటర్ల వేగంతో ఫుట్‌పాత్ మీద వెళ్లేవి ఒకటి. రోడ్డు మీద 8 మైళ్ల వేగంతో వెళ్లగలిగే పెద్దవి ఇంకొకటి. పెద్దవాటిని 14 ఏళ్లు నిండినవాళ్లే నడపాలి, రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి రుసుమేమీ లేదు. ఏ రకానికీ డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. మామ్మగారిది మొదటి రకం. విడదీస్తే అయిదు ముక్కలై కారు డిక్కీలో సర్దుకుంది. నాకోసం ముందే ఫోన్ చేసి ఆ ఊళ్లో ఒకటి అద్దెకు మాట్లాడి పెట్టారు. చాలా ఊళ్లలో బజారు దగ్గరే ఇలాంటివి అద్దెకిచ్చే షాప్‌మొబిలిటీ కేంద్రాలున్నాయి. గుర్తింపు కార్డు చూపించి, కాసేపు నడపడం నేర్చుకుని తీసుకెళ్లడమే.

మరి దీన్ని ఎక్కడ ఆపాలి? నాకు ఎక్కడైనా ఇదే ప్రశ్న కదా! బండి చిన్నదే అయినా మామూలు పార్కింగ్ నిబంధనలన్నీ దీనికీ వర్తిస్తాయట. ఫుట్‌పాత్ మీద దారికి అడ్డంగా వదిలేసి పోకూడదు. ముఖ్యంగా ఇంకో చక్రాల కుర్చీ మనిషికి అడ్డం కాకూడదు. మామ్మగారు కాఫీ కొట్టు ముందు ఆపేటప్పుడు ప్రతిసారీ వెనక్కి తిరిగి, గోడకూ బండికీ మధ్య ఎంత చోటుందో చూసుకునేవారు. "మనకు అడ్డం పెట్టారని గొడవపడతాం. మనం ఇంకొకరికి అడ్డం పెడితే ఎట్లా?" అనేవారు.

సూర్యలంక బీచికి మా ఇంటివాళ్లం ఎన్నోసార్లు వెళ్లాం. వెళ్లినప్పుడల్లా అందరి చెప్పులకూ, బ్యాగులకూ కాపలా నేనే. ఇసుకలో కర్ర దిగబడుతుంది. లాండుడ్నోలో సముద్రం పక్కనే వెడల్పుగా, చదునుగా పొడవాటి బాట ఉంది. ఆ బాట మీద నేనూ మామ్మగారూ పక్కపక్కన బళ్ల మీద వెళ్లాం. మా చెల్లెలు, మరిది వెనకబడిపోయి "కాస్త ఆగండి" అని కేకలు పెట్టారు. నన్నెవరైనా ఆగమనడం నా యాభై నాలుగేళ్లలో అదే మొదటిసారి!

రాత్రి బండి ఎక్కడ పడుకోవాలి?

అంతా బాగానే ఉందనుకుంటుండగా హోటల్లో వచ్చింది చిక్కు. రాత్రి బండ్లు రెండూ బయట కారు పార్కింగ్‌లో వదిలేయమన్నారు. బయట వాన. ఛార్జింగ్ పెట్టకపోతే మర్నాడు కదలవు. వరండాలో పెడతామంటే, నిప్పంటుకుంటే జనం బయటపడే దారి అది, పెట్టకూడదన్నారు. ఆ మాట న్యాయమే. మామ్మగారు గొంతు పెంచకుండానే, "నా కాళ్లను రాత్రంతా వానలో వదిలేసి పడుకోమంటావా నాయనా?" అని అడిగారు. అక్కడ 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం ఇలాంటి వాళ్లకు వీలైనంత సౌకర్యం కల్పించాలి. ఆ కుర్రాడు లోపలికెళ్లి మేనేజరును అడిగొచ్చి, దుప్పట్లు పెట్టుకునే గది తలుపు తీశాడు. అందులో ప్లగ్గు ఉంది. పది నిమిషాల్లో తేలిపోయింది.

ఇది చూశాక నాకు ఒకటి తెలిసొచ్చింది. ఆ దేశంలో అన్నీ అమరి ఉన్నాయని కాదు. అక్కడా అడగాల్సిందే, వాదించాల్సిందే. కాకపోతే అడిగేవాళ్ల వెనక ఒక చట్టం, చేతిలో ఒక అట్ట ఉన్నాయి. మనం అడిగితే దయ చూపమన్నట్టుంటుంది. వాళ్లు అడిగితే లెక్క చూడమన్నట్టుంటుంది!

మరి మన సంగతి?

మనకు చట్టం లేదనుకుంటే పొరపాటు. 1995లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. మొదటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే ఇందులో 21 ఉన్నాయి. జనం వచ్చిపోయే భవనాల్లో పార్కింగ్ చోటు ప్రవేశద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలనీ, కారు దిగి కుర్చీలోకి మారడానికి వీలుగా ఆ జాగా 3.6 మీటర్ల వెడల్పు ఉండాలనీ కేంద్రం రూపొందించిన నమూనా భవన నిబంధనల్లో రాసి ఉంది. 2020 అక్టోబరులో వాహనాల రిజిస్ట్రేషన్ ఫారంలో యజమాని దివ్యాంగులని నమోదు చేసుకునే ఏర్పాటు వచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి సౌకర్యాలు వీలైతే చేయాల్సిన సలహాలుగా కాకుండా తప్పనిసరి నియమాలుగా ఉండాలని తీర్పు చెప్పింది.

లేనిదల్లా ఆ నీలం అట్ట! మనిషి వెంట వచ్చే, ఏ ఊళ్లోనైనా చెల్లే పార్కింగ్ పర్మిట్ దేశమంతటికీ ఒకటంటూ మనకు లేదు. ఐరోపా దేశాలు 1998లోనే ఒకే నమూనా కార్డుకు సిఫారసు చేసుకున్నాయి. 2024లో దాన్ని చట్టంగా మార్చి, 2028 జూన్ నుంచి అమలు చేయాలని నిర్ణయించాయి. ఇన్ని భాషల దేశాలు ఒక అట్ట మీద ఒక మాటకు రాగలిగితే, గుంటూరులో ఇచ్చినది వరంగల్లులో చెల్లేలా మనం చేసుకోలేమా? ఇప్పటికే చేతిలో యుడిఐడి కార్డు ఉంది. దానికి తోడుగా అద్దం వెనక పెట్టుకునే అట్ట ఇవ్వడం ఎంతసేపు పని?

అది వచ్చేదాకా ఊరుకోవడం నాకు ఇష్టంలేదు. తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్ మీటింగులో లేచి, లిఫ్టు పక్క జాగా నా బండికి కావాలని అడిగాను. "అందరికీ చీటీలు వేసి పంచాం కదండీ, మీకొక్కరికీ వేరే రూలా?" అంది మూడో అంతస్తు ఆవిడ. "మీరు లిఫ్టు దాకా ఎన్ని అడుగులు వేస్తారో నేనూ అన్నే వేసేలా చూడండి, అదే రూలు" అన్నాను. రెండు మీటింగులు పట్టింది. చివరికి ఆ జాగా ఎవరి పేరున ఉందో ఆ రిటైర్డు మాస్టారే మార్చుకుంటానన్నారు. నేలమీద పసుపు రంగు గీతలు గీయించాం. ఆదివారాలు చుట్టాలొస్తే ఇప్పటికీ అక్కడే బళ్లు పెట్టేస్తారు. నేను ఇప్పటికీ ఫోన్ చేసి తీయిస్తూనే ఉంటాను. మూడో అంతస్తు ఆవిడ మొన్న మోకాలి ఆపరేషను చేయించుకుంది. "నెలరోజులు మా కారు అక్కడ దింపుకోవచ్చా అండీ?" అని అడిగింది. దింపుకోమన్నాను.

ప్రయాణానికి ముందు...

• వెళ్లే హోటలుకో, సత్రానికో ముందే ఫోన్ చేయండి. 'వికలాంగులకు సౌకర్యం ఉందా?' అంటే అందరూ ఉందనే అంటారు. 'గేటు నుంచి గది దాకా మెట్లెన్ని? బండి ఎక్కడ పెట్టాలి? ఛార్జింగ్ ప్లగ్గు ఎక్కడుంది?' అని విడివిడిగా అడగండి.

• బండి పొడవు, వెడల్పు, బరువు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బ్రిటన్ రైళ్లలో మామూలుగా 70 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు దాటితే ఎక్కనివ్వరు.

• విమానంలో బ్యాటరీ కుర్చీ, స్కూటరు తీసుకెళ్లాలంటే టికెట్ కొనేటప్పుడే చెప్పాలి. విడదీసే లిథియం బ్యాటరీ అయితే 300 వాట్ అవర్లకు మించకూడదు. దాన్ని తీసి వెంట క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి.

• మన రైల్లో సైడ్ వీల్స్ బండిని పార్శిల్ చేయాలంటే ఆర్.సి. కాపీ, గుర్తింపు కార్డు ఉంచుకోండి. పెట్రోలు పూర్తిగా తీసేయాలి.

• విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలూ! అక్కడ పార్కింగ్ పర్మిట్ రూళ్లు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో అయితే రాష్ట్రాన్ని బట్టి కూడా మారతాయి. కాలిఫోర్నియాలో బయటి నుంచి వచ్చే అర్హులకు 90 రోజుల వరకు చెల్లే ప్రయాణ పర్మిట్ ఉంది. పిల్లల చేత ముందే కనుక్కోండి. ఎవరి పర్మిట్టో అడిగి వాడుకోవద్దు.

• ఇక కాళ్లు బాగున్న వాళ్లకు ఒక్క మాట. ఆ నీలం బోర్డు కింద జాగా ఖాళీగా కనిపిస్తే అది వృథాగా ఉందనుకోకండి. అయిదు నిమిషాలేగా అని బండి పెట్టకండి. మాకు ఆ జాగా దొరకకపోతే ఇంకో చోటు వెతుక్కోం, వెనక్కి తిరిగి ఇంటికొచ్చేస్తాం.